మూడు రోజుల గడువు

ఆదివారం పేపర్లలో ఒక రకం కథలు వస్తుంటాయి. లక్షల జీతం వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఊరికెళ్ళి దేశీ వరి పండిస్తున్నాడనీ, నాటు ఆవులు పెంచుతున్నాడనీ, మనశ్శాంతి దొరికిందనీ. పక్కన తలగుడ్డ చుట్టుకున్న ఫొటో. అలాంటివి చదివేటప్పుడు నా కళ్ళు ఒక్క వాక్యం కోసం వెతుకుతాయి. అది ఎక్కడో మూడో పేరాలో ఉంటది: తాతల నాటి పన్నెండెకరాల్లో అనో, వారసత్వంగా వచ్చిన తోటలో అనో. ఆ వాక్యం దొరికాక మిగతా కథ చదవక్కర్లేదు. వెనక్కెళ్ళడానికి ఆయనకి పొలం ఉంది. ఊరి నడుమ ఇల్లుంది, ఇంటి ముందు అరుగుంది, అరుగు మీద కూర్చుంటే వచ్చి పలకరించే ఊరుంది.

నేనూ కంపెనీ ఉద్యోగం మానేసినదాన్నే. పద్నాలుగేళ్ళు చేసి 2017లో మానేశాను. నేను వెనక్కి చూసుకుంటే కనపడింది తెనాలికి దగ్గర్లో ఒక మాదిగపల్లె, అందులో రెండు సెంట్ల స్థలం, కాలనీ ఇల్లు, మోకాళ్ళు అరిగిపోయిన మా అమ్మ. మా తాత దున్నిన పొలాలు, మా అమ్మ నాట్లేసి కోసిన పొలాలు, మినుము పీకిన పొలాలు కాలవ పొడుగునా ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ మాది కాదు. కాబట్టి రెండో బతుకు అనేది మాకు సేద తీరడానికి దొరికే చోటు కాదు. మొదటి బతుక్కే మా తరంలో మొదటిసారి దిక్కు దొరికింది. దాన్ని ఎందుకు వదిలినట్టు? ఈ ప్రశ్న మా తమ్ముడు అడిగాడు, పాస్టరుగారు అడిగారు, హైదరాబాదులో నాతో పనిచేసినోళ్ళు అడిగారు. విద్యార్థుల మీటింగులకెళ్తే ఇప్పటికీ అడుగుతున్నారు. అందరికీ తలా ఒక ముక్క చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడ మొత్తం చెబుతాను.

ముందు ఒక తేదీల లెక్క. 1991 జూలై 24న మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా పార్లమెంటులో బడ్జెట్ చదివాడు. పదమూడు రోజులకి, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. నాకప్పుడు పదకొండేళ్ళు. తెనాలి శిబిరంలో ఉన్నవాళ్ళ కోసం మా పల్లెలో ఇంటింటికీ తిరిగి బియ్యం, బట్టలు పోగుచేశారు. మా అమ్మ చర్చికి కట్టుకునే చీర ఇచ్చేసింది. ఆ వారం పల్లెలో ఆడోళ్ళెవరూ ఒంటరిగా పొలం పోలేదు. బడ్జెట్ సంగతి మా పల్లెలో ఎవరికీ తెలవదు. తెలియాల్సింది కూడా అదేనని నాకు ఇరవయ్యేళ్ళ తర్వాత అర్థమైంది. చదువుకుని గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకోమని మా తరానికి నూరిపోశారు. మేం హాస్టళ్ళలో నీళ్ళ చారు తాగి డిగ్రీలు చేతపట్టుకుని బయటికొచ్చేసరికి సర్కారు కొలువులు కరిగిపోతున్నాయి. కొత్త కొలువులన్నీ కంపెనీల్లో పుడుతున్నాయి. రాజ్యాంగంలోని 16వ అధికరణం కంపెనీ గేటు దగ్గర ఆగిపోయింది. దానికి లోపలికి రావడానికి ఐడీ కార్డు లేదు.

2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట గట్టిగా వచ్చినప్పుడు పరిశ్రమల సంఘాలు చట్టం వద్దన్నాయి, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. ఆ మరుసటేడు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరిశీలన అచ్చువేశారు. ఒకే చదువు, ఒకే అర్హతలు ఉన్న దరఖాస్తుల మీద పేర్లు మాత్రం మార్చి కంపెనీలకు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరున్నదాంతో పోలిస్తే మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోయింది. అది చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. నా ఇంటిపేరు చూసి కులం పోల్చుకోలేక నా చేత ఊరు పేరు, చర్చి పేరు, చివరికి మేం ఇంట్లో ఏ కూర వండుకుంటామో కూడా చెప్పించుకున్నవాళ్ళ మధ్యే అప్పటికి నాలుగేళ్ళు పనిచేసి ఉన్నాను.

నేను 2003లో హైదరాబాదులో ఒక విదేశీ కంపెనీకి లెక్కలు చూసే ఆఫీసులో చేరాను. ఇంటర్వ్యూలో మీ ఫాదర్ ఏం చేస్తారని అడిగారు. వ్యవసాయ కూలీ, చనిపోయారు అన్నాను. ఆయన ‘అగ్రికల్చర్’ అని రాసుకున్నాడు. నా పని ఖర్చుల బిల్లులు పాసు చేయడం. కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగులు విమానం టిక్కెట్లు, టాక్సీ రసీదులు, హోటలు బిల్లులు పంపుతారు. బట్టలు ఉతికించుకున్న రసీదు పంపుతారు. రాత్రి ఒంటిగంటకి తిన్న ఐస్‌క్రీము రసీదు పంపుతారు. మేం కంపెనీ నియమాలతో సరిచూసి వాళ్ళ ఖాతాలో డబ్బులు వేయాలి. గడువు మూడు పనిదినాలు. నాలుగో రోజు దాటిందంటే మా మేనేజరుకి మెయిలొస్తుంది, మేనేజరు మా మీద పడతాడు. ఉద్యోగి సొంత డబ్బు కంపెనీ పని మీద ఒక్క రోజు కూడా ఇరుక్కోకూడదనేది అక్కడి ధర్మం. మంచి ధర్మమే. నేను పద్నాలుగేళ్ళు దాన్ని నిష్ఠగా పాటించాను.

ఆ పని నాకు బాగా వచ్చు. ఈ మాట ఎందుకంటున్నానంటే మనోళ్ళ గురించి రాసేటప్పుడు ఎంతసేపూ అవమానాలే రాస్తాం, పని వచ్చిన సంగతి రాయం. చిన్న కాగితం ముక్క చూసి అది దొంగ రసీదో కాదో చెప్పగలిగేదాన్ని. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే పని నాకే అప్పగించేవాళ్ళు. అట్టా నేను నేర్పినవాళ్ళలో ఇద్దరు నా మీద మేనేజర్లుగా వచ్చారు. నీకు కమ్యూనికేషన్ చాలదు అన్నారు నాతో. ఒకసారి అద్దాల గదిలో ప్రమోషన్ సంగతి నేనే కదిపాను. అక్కడున్న నలుగురిలో ఒకాయన నవ్వుతూ, ‘మీకు గవర్నమెంటులో కోటా ఉందిగా, ఇక్కడ కూడా ఎందుకు కష్టపడటం?’ అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. ఇప్పుడు లాయరుగా ఆ మాటని తిరగేసి మరగేసి చూస్తుంటాను. అందులో కులం పేరు లేదు, తిట్టు లేదు. అట్రాసిటీ చట్టంలోని ఏ సెక్షనూ దానికి చాలదు. కార్పొరేట్ కులం సెక్షన్లు చదువుకునే మాట్లాడుద్ది.

అయినా అవమానం తట్టుకోలేక మానేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. అవమానానికి ఉద్యోగం మానేసేటట్టయితే మా అమ్మ ఏ పొలంలోనూ రెండో రోజు పని చేసేది కాదు.

2007 జూలై 31న చుండూరు కేసులో తీర్పు వచ్చింది. ఆ కేసు కోసం దళిత సంఘాలు పట్టుబట్టి, నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించాయి. అప్పుడు నేను దాన్ని గెలుపు గుర్తుగానే చూశాను. దాని అసలు విలువ ఏందో తర్వాత తెలిసింది, చెబుతాను. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. ఆ సాయంత్రం మా ఆఫీసు క్యాంటీన్ టీవీలో ఆ వార్త వస్తుంటే ఎవరో క్రికెట్ పెట్టారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేకపోయిందని ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ రాత్రి నేను షిఫ్టులో ఉన్నాను. ఒకాయన సింగపూరు ప్రయాణం బిల్లులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది మంది చచ్చిపోయారన్నది నిజం. చంపినవాళ్ళు ఎవరూ లేరన్నది తీర్పు. ఇరవై మూడేళ్ళు సాక్షులు తిరిగిన తిరుగుడంతా ఏ ఖాతాలో వేయాలి? లెక్కల మనిషిని కదా, నాకు ఆ రాత్రి అట్టాగే తోచింది.

2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాడు. గుంటూరు పిల్లాడు. అదే ఏడు సెప్టెంబరులో బొజ్జా తారకంగారు పోయారు. ఆయన 1985లో కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసిన మనిషి. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే ఆయన పుస్తకం మా హాస్టల్లో చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయి ఉండేది. రాజీనామా అనే మాటకి అట్టాంటి అర్థం కూడా ఉంటదని నేను మొదట తెలుసుకుంది ఆయన దగ్గరే. బాబాసాహెబ్ సంగతి అందరికీ తెలిసిందే. 1917లో బరోడాలో పెద్ద ఉద్యోగానికి వెళ్ళి, ఊళ్ళో ఉండటానికి గది దొరక్క పార్శీ సత్రంలో మారుపేరుతో తలదాచుకున్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. 1923కల్లా బొంబాయి హైకోర్టులో న్యాయవాది. ఆయనతో నన్ను పోల్చుకోవడం లేదు. ఉద్యోగం విడిచి నల్లకోటు వేసుకోవడం మనలో కొత్త సంగతి కాదని గుర్తు చేస్తున్నానంతే.

ఉద్రేకంలో రాజీనామా కాగితం విసిరేసి రాలేదు. పద్దెనిమిది నెలలు లెక్కలు వేసుకున్నాను. ఇంటి అప్పు ఎంత, తమ్ముడి పిల్లల ఫీజులెంత, అమ్మ మందులెంత, పీఎఫ్ ఎంత, గ్రాట్యుటీ ఎంత. మొదటి తరం జీతగాళ్ళ జీతం మీద ఎంతమంది ఆధారపడతారో లెక్క రాస్తే కంప్యూటరు తెర చాలలేదు. అప్పు తీర్చేశాక ఐదేళ్ళు గడిచేటంత మిగులుద్దని తేలాకే కాగితం ఇచ్చాను. విద్యార్థి మిత్రులకి ఈ ముక్క ముఖ్యంగా చెబుతున్నాను. వెనకాల పొలం లేనివాళ్ళు ధైర్యాన్ని కూడా లెక్క కట్టుకునే చేయాలి. మా అమ్మకి చెబితే, ‘ఏసీ గదిలో కూచుని తినేదానివి, నల్లకోటేసుకుని ఎండలో నిలబడతావంటే ఏమనాలే నిన్ను?’ అంది. కాసేపాగి, ‘జీతం ఎవురిస్తారు?’ అంది. ఎవరూ ఇవ్వరమ్మా అన్నాను. అయితే అది కూలీ కంటే కనాకష్టం గదే అంది. ఆ విషయంలో మా అమ్మ అన్నది అక్షరాలా నిజం.

లాసెట్ రాసి గుంటూరులో మూడేళ్ళ కోర్సులో చేరేనాటికి నాకు 37. క్లాసులో అందరూ ఇరవై రెండేళ్ళ పిల్లలు, నన్ను ఆంటీ అనాలో మేడం అనాలో తెలియక రెండు నెలలు ఏమీ అనలేదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం కింద అరెస్టు చేయాలంటే ముందు విచారణ, అనుమతి కావాలని తీర్పిచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆ వారం క్లాసులో ఒక లెక్చరరు ఈ చట్టం ఎట్టా దుర్వినియోగం అవుతుందో గంటసేపు చెప్పాడు. దీని కింద నిందితుడు ఎన్నో వాయిదాకి కోర్టుకొస్తాడో, బాధితురాలు ఎన్ని వాయిదాలు తిరుగుద్దో ఆయన చెప్పలేదు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి ఆ షరతులు తీసేసింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. వీధిలోకొచ్చిన జనం చట్టాన్ని నిలబెట్టుకోవడం నా పాఠ్యపుస్తకంలో లేని పాఠం.

2021లో ఎన్‌రోల్ అయ్యాను. ఎన్‌రోల్‌మెంటుకి వేలల్లో కట్టాను. 1961 నాటి న్యాయవాదుల చట్టంలో ఎస్సీ ఎస్టీలకి రాసున్న ఫీజు మొత్తం 125 రూపాయలు. అంతకు మించి వసూలు చేయడానికి లేదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న చెప్పింది. అప్పటికే కట్టినవాళ్ళకి తిరిగివ్వక్కర్లేదంది. ఇప్పుడు చేరే మన పిల్లలకి ఆ మెట్టు దిగింది, సంతోషం.

గుంటూరులో మనవాడే అయిన ఒక సీనియరు దగ్గర జూనియర్‌గా చేరాను. మొదటి ఏడాది నా సంపాదన చెప్పుకుంటే నవ్వుతారు. మా నాన్న లాయరు కాదు, మామ లాయరు కాదు, నాకు పుస్తకాల బీరువా రాలేదు, కక్షిదారులు రాలేదు. ఇల్లు గడవడానికి చెక్ బౌన్సు కేసులు, యాక్సిడెంటు క్లెయిములు చేశాను, చేస్తున్నాను. లెక్కల మనిషిని కాబట్టి అవి బాగానే వస్తాయి. బార్‌లో కొందరికి నేను ఎస్సీ ఎస్టీ కేసుల మేడాన్ని. ఆస్తి తగాదా ఉన్న మనోళ్ళు కూడా ఆ కాగితాలు పట్టుకుని పెద్దకులం ప్లీడరు దగ్గరికే పోతారు. దీని మీద కోపం తెచ్చుకునే ఓపిక నాకు లేదు.

ఇక అసలు సంగతికొస్తాను. కేసు ఇంకా నడుస్తుంది కాబట్టి ఊరు, కోర్టు పేరు చెప్పను. పల్నాడు వైపు ఒక ఊరు. మిరపకాయల కోతకెళ్ళిన ఒకామె బాకీ ఉన్న కూలి అడిగింది. అడిగినందుకు రైతు ఆమెని వీధిలో జుట్టు పట్టుకుని, కులం పేరెత్తి తిట్టి కొట్టాడు. నలుగురు చూశారు. డీఎస్పీ దర్యాప్తు చేశాడు. అరవై రోజుల్లో వేయాల్సిన ఛార్జిషీటు ఏడు నెలలకి వేశారు. ఛార్జిషీటు వేశాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. విచారణ మొదలవడానికే రెండేళ్ళు పట్టింది. కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరు. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం బాధితురాలి తరపున బెయిలు మీదా మిగతా వాటి మీదా మాట్లాడే హక్కు ఉంది కాబట్టి నేను ఆమె పక్కన నిలబడ్డాను.

ఒక వాయిదాకి ప్రధాన సాక్షి వచ్చాడు. ఆమెకి వరసకి బాబాయి అవుతాడు. బోనెక్కి, ‘నేనేం చూడలేదయ్యా’ అన్నాడు. హాస్టైల్ అయిపోయాడు. మధ్యాహ్నం కోర్టు బయట వేపచెట్టు కింద బీడీ కాల్చుకుంటుంటే దగ్గరికి పోయి కూచున్నా. తిట్టడానికి పోలేదు. ఎందుకిట్టా చేశావు బాబాయ్ అని కూడా అడగలేదు. భోంచేశావా అన్నా. తలొంచుకునే చెప్పాడు.

‘పదకొండుసార్లు తిరిగానమ్మా. పోయినప్పుడల్లా వాయిదా అంటారు. వచ్చిన రోజు కూలి పోద్ది, ఎదురు ఛార్జీలు. నా పెళ్ళాం కోర్టుకి పోయేటట్టయితే ఇంటికి రావద్దంది. ఇయ్యాల ఆయన కార్లో ఎక్కించుకొచ్చాడు. అన్నం పెట్టించాడు. ఐదొందలు జేబులో పెట్టాడు.’

ఆయనంటే ముద్దాయి. ప్రభుత్వం ఇవ్వాల్సిన దారి ఛార్జీ, బత్తా ముద్దాయి ఇచ్చాడు. ప్రభుత్వం ఇవ్వాల్సిందని ఊరికే అనడం లేదు. 1995 నాటి అట్రాసిటీ నిబంధనల్లో 11వది తీసి చూడండి. బాధితులకీ సాక్షులకీ ఇంటి దగ్గర్నుంచి దర్యాప్తు లేదా విచారణ జరిగే చోటికి రానూపోనూ రెండో తరగతి రైలు ఛార్జీ, లేదంటే బస్సుకో టాక్సీకో నిజంగా అయిన ఖర్చు ఇవ్వాలి. ఆడవాళ్ళకి, మైనర్లకి, అరవై దాటినవాళ్ళకి, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి తోడు ఒక మనిషిని తెచ్చుకునే హక్కుంది, ఆ మనిషికీ ఖర్చులివ్వాలి. పోగొట్టుకున్న రోజుకి వ్యవసాయ కూలీ కనీస వేతనానికి తగ్గకుండా భృతి, దానిపైన భోజనం ఖర్చు. ఇవన్నీ అప్పటికప్పుడు, ఆలస్యమైతే మూడు రోజుల్లోపు కలెక్టరో, ఆర్డీవోనో, ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటో చెల్లించాలి.

మూడు రోజులు. నేను పుస్తకం మూసి మళ్ళీ తెరిచి చూశాను. అదే గడువు. పద్నాలుగేళ్ళు ఏ గడువుకి వణికిపోయి ఐస్‌క్రీము బిల్లులు పాసు చేశానో అదే గడువు, ఇక్కడ 1995 నుంచీ అచ్చులో పడి ఉంది.

ఆ రాత్రి ఆమెతో కూర్చుని లెక్క రాశాను. ఊరి నుంచి బస్టాండుకి ఆటో 20, బస్సు 65. రానూపోనూ 170. ఆడమనిషి కాబట్టి తోడు ఆడపడుచు వస్తుంది, ఇద్దరికి 340. తిండికి ఇద్దరికి 160. మిరపకోత కూలి మనిషికి 400 చొప్పున ఇద్దరికి 800. వాయిదాకి 1300. అప్పటికి పదమూడు వాయిదాలు. 16,900 రూపాయలు. ఆమె ఎగ్గొట్టబడ్డ కూలి ఎంతో తెలుసా, 2,800. ఒక మేనేజరు ఒక్క రాత్రి హోటలు బిల్లు 16,900 కంటే ఎక్కువది నేను ఎన్నిసార్లు పాసు చేశానో లెక్కలేదు. వాయిదాలే రాజీ కుదురుస్తాయి, ఊరి పెద్దలు కుదర్చక్కర్లేదు. చుండూరులోనే కోర్టు పెట్టమని ఎందుకు పట్టుబట్టారో నాకప్పుడు పూర్తిగా తెలిసింది. సాక్షి నడిచి రాగలిగే దూరంలో కోర్టు ఉండాలి. ముద్దాయి కారు ఎక్కాల్సిన పని ఉండకూడదు.

సంబంధిత ఆఫీసుకెళ్ళి అడిగితే బడ్జెట్ లేదన్నారు. సమాచార హక్కు కింద రాశాను. జవాబు వచ్చింది: గత మూడేళ్ళలో ఈ నిబంధన కింద ఎవరూ క్లెయిము పెట్టలేదు కాబట్టి ఖర్చు లేదు. కాగితం చేతిలో పెట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. ఎవరూ పెట్టలేదు. ఎందుకంటే పెట్టొచ్చని ఎవరికీ తెలవదు, పెట్టడానికి ఫారం లేదు. పరిహారం సంగతి మనోళ్ళకి తెలుసు. 2016 సవరణలో 85 వేల నుంచి ఎనిమిది లక్షల పాతిక వేల దాకా నేరాన్నిబట్టి మొత్తాలు రాసున్నాయి, దానికోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. బస్సు ఛార్జీ అడగాలంటే మనకే సిగ్గు. నాలుగు రూపాయల కోసం అడుక్కోవాలా అంటారు. కంపెనీలో లక్షన్నర జీతగాడు నలభై రూపాయల పార్కింగు రసీదు అతికించి పంపుతాడు, ఆయనకే సిగ్గూ లేదు.

అందుకని ఫారం తయారు చేశాను. ఒకే పేజీ, తెలుగులో. పేరు, క్రైం నంబరు, వాయిదా తేదీ, ఏ బండిలో వచ్చారు, తోడెవరు, ఎన్ని రోజులు. కింద కోర్టుకి హాజరైనట్టు సంతకం వేయించుకునే గడి. వెనకవైపు 11వ నిబంధన మొత్తం అచ్చు, ఏ గుమాస్తా కూడా మాకు తెలవదు అనకుండా. 15ఏ కింద ప్రయాణ ఖర్చులు, భృతి ఇప్పించే బాధ్యత ప్రత్యేక కోర్టుకీ ఉంది కాబట్టి అక్కడొక మెమో. ఆఫీసులో ఇచ్చే ప్రతి కాగితానికీ ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి. నంబరు లేని కాగితం పుట్టని బిడ్డతో సమానం, ఇది కంపెనీ నాకు నేర్పిన చదువు. ఇంకొక చిక్కు ఎవరూ ఊహించంది. ఆర్టీసీ మిషను టిక్కెట్టు మీద అచ్చు నెలరోజులకి వెలిసిపోద్ది. ఆమె కొంగుముడిలో దాచిన టిక్కెట్లు విప్పితే అన్నీ తెల్లకాగితాలు. అప్పటి నుంచి టిక్కెట్టు కొన్న వెంటనే ఫోనులో ఫొటో తీసి పంపమంటున్నాం. పల్లెలో పదో తరగతి పిల్లలు ఈ పని నేర్చుకున్నారు.

మొదటి క్లెయిము మూడు రోజుల్లో రాలేదు. ఏడు నెలల పది రోజులకి వచ్చింది. 9,360 రూపాయలు ఆమె ఖాతాలో పడ్డాయి. అడిగిందాంట్లో కోత కోశారు, ఆ కోత మీద మళ్ళీ రాశాం. ఆమె ఫోను చేసి, ‘లాయరమ్మా, అయితే గెలిచినట్టేనా?’ అంది. లేదక్కా, ఇది కేసు డబ్బు కాదు, నువ్వు తిరిగిన తిరుగుడు డబ్బు అన్నాను. ‘తిరిగినందుక్కూడా ఇత్తారా?’ అని ఆమె ఆశ్చర్యపోయిన గొంతు నాకు గుర్తుంది. మర్నాడు వాళ్ళ పల్లెలో ఇంకో కేసు సాక్షులు ఇద్దరు నా దగ్గరికొచ్చారు, ఫారం ఉందంటగా అని.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచితం. మన ఆడోళ్ళకి మంచి జరిగింది, సందేహం లేదు. కానీ ఆ నెల నుంచే ఒక ఆఫీసులో కొత్త మాట మొదలైంది, బస్సు ఫ్రీ కదమ్మా, ఇంకా క్లెయిమేంటి? బస్సు ఫ్రీ. కూలి ఫ్రీ కాదు, అన్నం ఫ్రీ కాదు, బస్టాండు దాకా ఆటో ఫ్రీ కాదు. మగ సాక్షికి టిక్కెట్టు ఉంది. ఆ జీరో టిక్కెట్టు కూడా వచ్చినట్టు రుజువే, పారేయొద్దని చెబుతున్నాం. ఫారంలో ఒక గడి మార్చి మళ్ళీ అచ్చు వేయించాను.

మీటింగుల్లో పిల్లలు, ‘మేడం, ఇప్పుడు తృప్తిగా ఉందా?’ అని అడుగుతారు. ఆదివారం పేపరు వాళ్ళకి చెప్పే మాట నా దగ్గర లేదు. కంపెనీ జీతంలో మూడో వంతు వస్తుంది, అదీ ప్రతి నెలా కాదు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను, మోకాళ్ళు అమ్మవే వచ్చాయి. అప్పుడు వారాంతం కోసం సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆదివారం చర్చి మెట్ల మీదే ఎవరో ఒకరు కాగితాలు విప్పుతారు. విసుక్కుంటాను, చదువుతాను. నాకొచ్చిన పని నేనే చేస్తున్నాను, బిల్లులు పాసు చేయించడం. ఎవరి బిల్లులు అన్నదే మారింది. ఆ మార్పుతో రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. ఇంతకంటే పెద్ద మాట వాడను.

మా అమ్మ ఇప్పటికీ జీతం సంగతి అడుగుద్ది. కాకపోతే ఫారాలు మడతపెట్టి కట్టలు కట్టే పని తనే చేసుద్ది. చదువు రాదు కాబట్టి వెనకా ముందూ గుర్తుకి మూలన చిన్న చుక్క పెట్టమంది, పెట్టించాను.

ఈ నెలకి ముప్పై ఒక్క క్లెయిములు పెట్టి ఉన్నాం. పన్నెండింటికి డబ్బులొచ్చాయి. ఏడింటిని పత్రాలు చాలవని వెనక్కి పంపారు. మిగతావి నంబర్లతో పెండింగులో ఉన్నాయి. జిల్లా విజిలెన్సు, మానిటరింగు కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలని నిబంధన ఉంది, ఈసారి కూర్చుంటే ఆ పన్నెండు నంబర్లనూ ముందు పెడతాం. సంఘాల్లో పనిచేసే మిత్రులు ఎవరికైనా ఫారం కావాలంటే తీసుకోండి, నా పేరు కూడా ఉండదు దాని మీద. ఆ బాబాయి కూడా పోయిన వారం వచ్చాడు, వేరే కేసులో సాక్షిగా పిలిచారంట. పాత పదకొండు వాయిదాలకి ఇప్పుడు రాసుకోవచ్చా అని అడిగాడు. టిక్కెట్లు లేవు, కోర్టు రికార్డులో హాజరు మాత్రం ఉంటది. నకళ్ళకి దరఖాస్తు పెట్టాను.